హెచ్‌1బీ వాళ్లకూ దారి ఉంది
అమెరికా విమానాశ్రయాల్లో భద్రతా తనిఖీ త్వరగా ముగిసేలా చేసే టీఎస్‌ఏ ప్రీచెక్‌కు అమెరికా పౌరులు, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లే అప్లై చేసుకోవచ్చని చెప్పి వదిలేస్తుంటారు. నిజమే కానీ, హెచ్‌1బీ ఉద్యోగ వీసా మీద ఉన్న మనవాళ్లు ఆశ వదులుకోనక్కర్లేదు. విదేశాల నుంచి అమెరికాలో దిగినప్పుడు ఇమిగ్రేషన్ త్వరగా ముగిసేలా చేసే గ్లోబల్ ఎంట్రీ పథకానికి భారత పౌరులు 2017 నుంచి అప్లై చేసుకోవచ్చు. ప్రీచెక్ అందులోనే వస్తుంది. ఫీజు 120 డాలర్లు, ఐదేళ్లు పనిచేస్తుంది. మీ నేపథ్యం తనిఖీ, ఇంటర్వ్యూ ఉంటాయి కాబట్టి ప్రయాణం దగ్గర పడేదాకా ఆగకండి.

పేరు విషయంలో మాత్రం చాలా జాగ్రత్త. మన పొడవాటి ఇంటిపేర్లు పాస్‌పోర్టులో ఒకలా, టికెట్‌లో ఇంకోలా పడుతుంటాయి. రెండూ కలవకపోయినా, బుకింగ్‌లో నోన్ ట్రావెలర్ నంబర్ (పథకంలో చేరినవాళ్లకు ఇచ్చే నంబరు) ఎక్కించకపోయినా బోర్డింగ్ పాస్ మీద ప్రీచెక్ గుర్తు రాదు. ఇక చంకలో పిల్లాడితో మామూలు లైన్లో నిలబడి ల్యాప్‌టాప్, బెల్టు తీసి ట్రేలో పెట్టాల్సిందే. పాస్ మీద ఆ గుర్తు ఉంటే 12 ఏళ్ల వరకు పిల్లలూ మీతోపాటే వచ్చేయొచ్చు.