లాల్ గారు ఎన్ని విమానాలు కూల్చారంటే...

డిసెంబర్ 4, నేవీ డే, దగ్గర పడితే చాలు, మన విజయనగరం, శ్రీకాకుళం జనం సగం వైజాగ్ బీచ్ రోడ్డు మీదే ఉంటారు. నేవీ విన్యాసాలుంటే చూస్తారు, 1971 యుద్ధంలో వైజాగ్ దగ్గర మునిగిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ కథ మళ్లీ ఓసారి ఫార్వర్డ్ చేస్తారు. చెయ్యండి, తప్పేటి లేదు. కానీ అదే యుద్ధంలో ఎయిర్‌ఫోర్స్‌ని నడిపిన ఎయిర్ చీఫ్ మార్షల్ ప్రతాప్ చంద్ర లాల్ పేరెత్తి చూడండి. మొదటి ప్రశ్న ఇదే: "ఆయన ఎన్ని విమానాలు కూల్చారు?"

అసలు ఆ కొలతే ఆయనకి సరిపోదు. 1944లో బర్మా సరిహద్దులో ఆయన నడిపించిన 7వ స్క్వాడ్రన్‌వి వెన్‌జెన్స్ డైవ్ బాంబర్లు. ఇద్దరు మనుషులు, ఒకటే ఇంజను. రెక్కల మీది బ్రేకులు తెరిచి దాదాపు నిట్టనిలువుగా దిగాలి, బాంబు వదలాలి, వెంటనే పైకి లాగాలి. బ్రేకు తెరవకపోతే వేగం పట్టు తప్పుతుంది, గురి కుదిరే వ్యవధే ఉండదు. బర్మా పోరులో స్క్వాడ్రన్‌ని నడిపినందుకు ఆయనకి డీఎఫ్‌సీ అనే బ్రిటిష్ శౌర్య పతకం వచ్చింది.

అసలు కథ 1965ది. అప్పటికి ఆయన వైస్ చీఫ్. సెప్టెంబర్ 6 సాయంత్రం పంజాబ్‌లోని పఠాన్‌కోట్ స్థావరం మీదకి పాకిస్తాన్ సేబర్ యుద్ధ విమానాలు వచ్చేసరికి మన విమానాలు ఆరుబయట నిలబడి ఉన్నాయి. పది దాకా పోయాయి, అందులో కొత్తగా వచ్చిన మిగ్-21లు రెండు. మర్నాడు బెంగాల్‌లోని కలైకుండ స్థావరంలోనూ అదే తంతు, మన కాన్‌బెర్రా, వాంపైర్ విమానాలు కాలిపోయాయి. మన రైతుకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. కల్లంలో వరి కుప్పలు ఒకదానికొకటి ఆనించి వేస్తే ఒక్క నిప్పురవ్వ చాలు.

ఆ తర్వాత కట్టినవే బ్లాస్ట్ పెన్‌లు. మూడు వైపులా మట్టి దన్ను పెట్టిన మందపాటి గోడలు, నాలుగో వైపు విమానం దూరేంత వాకిలి. దీని లాభం లెక్కేస్తే గానీ తెలీదు. వరసగా నిలబెడితే శత్రువు ఒక్క పరుగులో నాలుగైదింటిని తూట్లు పొడుస్తాడు. పెన్‌లో ఉన్నదాన్ని కొట్టాలంటే వాకిలికి ఎదురుగా, ఒక్కోదానికీ విడిగా రావాలి. వచ్చిన ప్రతిసారీ కింద కాచుకున్న గన్నర్‌కి ఇంకో అవకాశం. పెన్ రన్‌వేకి మరీ దగ్గరైతే గురి తప్పిన బాంబు దాని మీదే పడుతుంది, మరీ దూరమైతే సైరన్ మోగాక విమానం లేచేలోపే పుణ్యకాలం గడిచిపోతుంది. ఈ పని అప్పటి ఎయిర్‌ఫోర్స్ చీఫ్ అర్జన్ సింగ్ హయాంలోనే మొదలైంది, మొత్తం లాల్ గారి ఖాతాలో రాసేస్తే అదీ అన్యాయమే. ఆయన మధ్యలో విమానాలు తయారుచేసే ప్రభుత్వ సంస్థ హెచ్ఏఎల్ చూసుకుని, 1969 జూలైలో చీఫ్ అయ్యారు. విడిభాగం రాకపోతే విమానం ఇనప సామానే అని ఫ్యాక్టరీ నడిపిన మనిషికి వేరే చెప్పాలా?

1971 డిసెంబర్ 3 సాయంత్రం పాకిస్తాన్ మళ్లీ అదే ఎత్తు వేసింది. ఈసారి నేల మీద దొరికింది దాదాపు ఏమీ లేదు. రన్‌వేల గోతులు గంటల్లో పూడ్చేశారు. లాల్ గారి వరసక్రమం కూడా అదే: ముందు మన స్థావరాలు కాపాడుకోవడం, తర్వాత ఆర్మీకి, నేవీకి అండ. 1965లో ఆర్మీ, ఎయిర్‌ఫోర్స్ ఎవరి దారి వారిదే అయిందని బాధపడ్డ మనిషి మరి.

అప్పటి తూర్పు పాకిస్తాన్‌లో, ఢాకా దగ్గర తేజ్‌గావ్ వైమానిక స్థావరం చూడండి. మొదటి రెండ్రోజులు సేబర్లని వేటాడుతూ మన హంటర్ యుద్ధ విమానాలు కొన్ని పోగొట్టుకున్నాం. డిసెంబర్ 6న మిగ్-21లు 500 కిలోల బాంబులతో రన్‌వేనే పగలగొట్టాయి. ఏటవాలుగా దిగి వేయాలి, లేదంటే బాంబు కాంక్రీటు మీద జారిపోతుంది. ఒక్కసారితో అయ్యే పనీ కాదు. గోతిలో రాళ్లు ఏరి, గట్టిగా దిమ్మిస కొట్టి, పైపూత వేసేలోపే మళ్లీ కొట్టాలి. (మన ఊళ్ల రోడ్లకైతే ఆ రెండో బాంబు అక్కర్లేదు, మొదటి వానే చాలు.)

అక్కడి పైలట్లు బర్మా మీదుగా వెళ్లిపోయారు. సేబర్లు పదికి పైగా నేల మీదే మిగిలాయి, లొంగిపోయే ముందు పాకిస్తాన్ వాళ్లే వాటిని పాడుచేశారు. వాటికి రెక్కలున్నాయి, ఇంజన్లున్నాయి, లేనిది పరిగెత్తడానికి చోటు. ఇప్పుడు చెప్పండి, వీటిని కూల్చిన లెక్కలో వేస్తారా, కూల్చని లెక్కలో వేస్తారా?