ప్రకటన బొమ్మల్లో పనిచేసే స్త్రీలు: చూపింది ఎవరిని, దాచింది దేన్ని?

1888 జులైలో లండన్‌లోని బ్రయంట్ అండ్ మే అగ్గిపుల్లల ఫ్యాక్టరీలో సుమారు 1,400 మంది స్త్రీలు, బాలికలు సమ్మెకు దిగారు. అరకొర కూలి, అందులోనూ జరిమానాల కోత. తెల్ల భాస్వరం ఆవిరికి దవడ ఎముక కుళ్లిపోయే జబ్బు సరేసరి. వాళ్ల గోడును అంతకు కొద్ది వారాల ముందే పత్రికకెక్కించింది అనీ బిసెంట్. తర్వాతి కాలంలో మన మదనపల్లెలో కళాశాల స్థాపించిన ఆవిడే. ఆ కంపెనీ వ్యాపార చిహ్నం, బైబిల్ కథలో జలప్రళయం నుంచి ప్రాణులను కాపాడిన నోవహు ఓడ. దాని మీద రాసి ఉన్న మాట ‘భద్రత’.

రంగుల లితోగ్రఫీ (రాతి పలక మీంచి బొమ్మలు అచ్చువేసే పద్ధతి) చౌకయ్యాక 19వ శతాబ్దం చివరి దశాబ్దాల్లో అమెరికా, ఐరోపా దుకాణాలను ప్రకటన కార్డులు, పోస్టర్లు ముంచెత్తాయి. వాటిలో ఉతికే ఆడవాళ్లు, కుట్టేవాళ్లు, వండేవాళ్లు ఎందరో కనిపిస్తారు. అయితే ఆ బొమ్మలోకి రావాలంటే ఆమె సరుకు వాడేదైనా కావాలి, కొన్నవారికి సేవ చేసేదైనా కావాలి. ఆ సరుకును తయారుచేసిన స్త్రీకి అక్కడ చోటు దొరకడం అరుదు.

1880ల్లో మొదలైన సన్‌లైట్ సబ్బు ప్రకటనలు మగవాడికంటే ఆడది ముందుగా ముసలిదెందుకవుతుందని అడిగాయి. ప్రశ్న నిజమైనదే. బట్టల చాకిరీ ఒంటిని అరగదీస్తుందని ఒప్పుకొన్న ప్రకటన అది. కానీ ఆ చాకిరీ ఆమె ఒక్కదాని మీదే ఎందుకు పడిందో అడగలేదు.

టైపురైటర్ ప్రకటనలను మాత్రం నేను వేరుగా చూస్తాను. స్త్రీలకు తగిన ఉపాధికి ఇంత విశాలమైన దారి తెరిచిన యంత్రం మరొకటి లేదని 1875 నాటి ప్రకటన చెప్పుకుంది. అమ్మకం కోసమే అన్నా, ఆ మాట చాలావరకు నిజమైంది. శతాబ్దం ముగిసేసరికి అమెరికాలో టైపిస్టుల్లో అత్యధికులు స్త్రీలే. జీతం వచ్చే పనిలో ఉన్న స్త్రీని గౌరవంగా చూపిన బొమ్మలవి.

వాటికి పూర్తిగా ఎదురుగా నిలిచేది ఆంట్ జెమైమా. 1889లో మిస్సోరిలో ఒక పాన్‌కేక్ పిండికి ఈ పేరు పెట్టారు. తెల్లవాళ్లు ముఖానికి నల్లరంగు పూసుకుని ఆడే వినోద ప్రదర్శనల నుంచి తెచ్చిన పేరది. 1893 షికాగో ప్రపంచ ప్రదర్శనలో ఆ పాత్ర ధరించింది నాన్సీ గ్రీన్. ఆమె కెంటకీలో బానిసగా పుట్టిన మనిషి. తలగుడ్డ కట్టుకుని, జనం ముందు పాన్‌కేకులు కాలుస్తూ, బానిసలతో తోటలు సాగుచేయించిన యజమానుల కాలం ఎంత బాగుండేదో కథలుగా చెప్పాలి. బానిసత్వం రద్దయి అప్పటికి మూడు దశాబ్దాలైనా కాలేదు. పొట్లం మీది నవ్వు తెల్ల గృహిణులకు పిండితోపాటు, సంతోషంగా ఊడిగం చేసే నల్ల వంటమనిషి తమ వంటింట్లో ఉందన్న ఊహను కూడా అమ్మింది. బానిసగా బతికిన మనిషి నోటే బానిసత్వాన్ని పొగిడించిన ఆ ప్రచారాన్ని నేను హింస అనే అంటాను.

గ్రీన్ 1923లో చనిపోయింది. ఆమె సమాధికి శిలాఫలకం 2020లో గాని పెట్టలేదు. అదే ఏడాది కంపెనీ ఆ పేరును, బొమ్మను తీసేస్తామని ప్రకటించింది. తర్వాతి కాలంలో ఆ పాత్ర ధరించిన మరికొందరు స్త్రీల కుటుంబీకులు అప్పుడు అభ్యంతరం చెప్పారు, తమవారి చరిత్ర కూడా దాంతో చెరిగిపోతుందని. బొమ్మ పోవాల్సిందే. కానీ వాళ్ల బాధ న్యాయమైనది. దశాబ్దాలపాటు ఆ ముఖంతో అమ్ముకున్న కంపెనీ, ఆ పాత్ర వేసిన స్త్రీలందరి పేర్లూ జీవిత కథలూ తన సొంత ఖర్చుతో ప్రచురించాలి.