గురి తుపాకీ ధరలో లేదు

విశాఖలో షూటింగ్ నేర్చుకుంటున్న పిల్లల తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపుల్లో ‘వేటగాళ్ల గురి రహస్యాలు’ అనే సందేశం తిరుగుతోంది. గురి అంతా తుపాకీ ఖరీదులోనే ఉందట. గొట్టం ఎంత పొడవైతే గురి అంత కచ్చితమట. తూటా గీత గీసినట్టు పోతుందట. గుండెల నిండా గాలి పీల్చి, బిగబట్టి కాల్చాలట. ఒక్క తూటాలోంచి బోలెడు చిన్న గుళ్లు చిమ్మే షాట్‌గన్‌కైతే గురే అక్కర్లేదట. ఇది నమ్మి మొన్న ఒక తండ్రి కూతురి రైఫిల్ కోసం అప్పు చేయబోయారు. నాకు కడుపు తరుక్కుపోయింది.

వేట మాట ముందే తేల్చేస్తాను. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మన దేశంలో అడవి జంతువులను వేటాడటం నేరం. కంబాలకొండ అయినా, అరకు అడవి అయినా అంతే. మన గురి కాగితం మీద, గాలిలోకి ఎగరేసే మట్టి పళ్లేల మీద.

గొట్టం పొడవు పెరిగితే తూటా వేగం పెరుగుతుంది, అదీ ఒక హద్దు వరకే. ఇనుప సైట్లు, అంటే గొట్టానికి ముందూ వెనకా ఉండే గురి గుర్తులు, వాడేవారికి రెండు సైట్ల మధ్య ఎడం పెరగడం కొంత మేలు. అంతకు మించి ఏమీ లేదు.

తూటా నేరుగా పోతుందన్నది శుద్ధ అబద్ధం. గొట్టం మూతి దాటగానే అది కిందికి జారడం మొదలుపెడుతుంది. సెకనుకు 170 మీటర్ల వేగంతో వెళ్లే ఎయిర్ రైఫిల్ పెల్లెట్ (చిన్న గుండు) 10 మీటర్లలోనే దాదాపు 2 సెంటీమీటర్లు దిగుతుంది. లక్ష్యం నడుమ పది పాయింట్ల చుక్క వెడల్పు అర మిల్లీమీటరు! ఆ దిగుదలకు తగ్గట్టు సైటు సర్దుకుంటాం కాబట్టే చుక్క అందుతుంది.

ఇక ఖరీదు. ఆర్కే బీచ్‌లో బెలూన్లు కాల్చే స్ప్రింగు తుపాకీతో ఒక సాయంత్రం వరసగా కాల్చాను. ప్రతి గుండూ కుడివైపు, కాస్త కిందికి పోయింది. ఎడమవైపు పైన ఉన్న బెలూన్‌ను చూసి కాలిస్తే నేను కోరుకున్నది పగిలింది. గట్టిగా బిగించి పట్టుకోగానే దారి మళ్లీ మారింది. స్ప్రింగు తుపాకీలో పెల్లెట్ గొట్టం దాటకముందే కుదుపు వచ్చేస్తుంది, అందుకని పట్టు మారితే దెబ్బ మారుతుంది. ప్రతిసారీ ఒకేలా చేయగలగడమే గురి. కార్డు మీద ఐదు గుళ్లూ చుక్కకు దూరంగానైనా ఒకే చిరుగులో పడితే నేను సంతోషిస్తాను, సైటు రెండు మెట్లు తిప్పితే సరిపోతుంది. ఐదూ ఐదు దిక్కులైతే ఎంత డబ్బు పోసినా లాభం లేదు. మంచి రైఫిల్ అక్కర్లేదని అనడం లేదు. ఆ రైఫిల్ కూడా ఒక పెట్టె పెల్లెట్లతో గుంపుగా కొట్టి, మరో పెట్టెతో చెదరగొడుతుంది.

ఊపిరి సంగతి చెప్పుకోవాలంటే, నిండా పీల్చితే ఛాతీ ఉబ్బి గొట్టం పైకి లేస్తుంది. మామూలుగా వదిలి, ఆ విరామంలో కాల్చాలి. పది సెకన్లు దాటితే చూపు మసకేస్తుంది. దించేసి మళ్లీ మొదలుపెట్టడమే మంచిది.

అన్నిటికన్నా హాని చేసేది షాట్‌గన్ మాట. గుళ్లు గదంతా పరచుకోవు. స్కీట్ అనే షాట్‌గన్ పోటీలో అడ్డంగా ఎగిరే పళ్లెం వెడల్పు 11 సెంటీమీటర్లు. 20 మీటర్ల దూరాన గుళ్ల గుంపు మీటరు వెడల్పు కూడా ఉండదు. అవి చేరేలోపు పళ్లెం మీటరుకు పైగా ముందుకు సాగిపోతుంది. పళ్లేన్నే చూసి కాలిస్తే గుళ్లన్నీ దాని వెనక గాలిలోకి పోతాయి. పైగా ఈ తుపాకీకి వెనక సైటు ఉండదు, కాల్చేవారి కన్నే ఆ సైటు. చెంప తుపాకీ మడమ (భుజానికి ఆనించే వెనక భాగం) మీద రవ్వంత ఎత్తున ఆనినా గుళ్లు పళ్లెం మీదుగా పోతాయి. అందుకే తుపాకీ మడమను మనిషి కొలతకు చెక్కించుకుంటారు.

ఆ తండ్రికి ఒకటే చెప్పాను: ‘‘అప్పు వద్దండీ. క్లబ్బు రైఫిల్ మడమను పాప చేతి పొడవుకు సర్దిద్దాం. మూడు రకాల పెల్లెట్లు తీసుకుని, ఐదేసి కాల్చిన కార్డులతో ఆదివారం రండి.’’