మహారాజశ్రీ ఓటి మద్దెల గారికి

డ్రమ్ములూ బేసూ అన్నీ ఒక్కటే వాయించే బటన్ల పెట్టె, మహారాజశ్రీ గ్రూవ్‌బాక్సు గారి దివ్య సముఖానికి, బెంగళూరు మారతహళ్ళిలో మూడో అంతస్తు అద్దె ఇంటి నుంచి తమ రెండో యజమాని నమస్కరించి రాయునది ఏమనగా, ఉభయకుశలోపరి. నేను కుశలమే. తమ కుశలం మాత్రం కుడి జాక్‌లో వైరు ఏ వంపు తిరిగి ఉందో దాన్ని బట్టి ఉంటుంది.

తమర్ని నాకు అమ్మిన కుర్రాడు కెనడా వెళ్ళిపోతూ అమ్మాడు. "పర్ఫెక్ట్ కండిషన్ అన్నా, పెద్దగా వాడలేదు" అన్నాడు. వాడలేదన్నది నిజమే కావచ్చు. బటన్ల సందుల్లో దొరికిన మురుకుల పొడిని బట్టి చూస్తే, ఫలహారాల పళ్ళెంగా మాత్రం బాగానే వాడాడు. 14,000 రూపాయలు ఫోన్‌లో కొట్టి, ఆటోలో తమర్ని ఒళ్ళో పెట్టుకుని, సిల్క్ బోర్డు దగ్గర ముప్పావుగంట ఇరుక్కున్నా విసుక్కోకుండా ఇంటికి తెచ్చుకున్నాను.

అడాప్టర్ ఇవ్వలేదు. "9 వోల్టులది ఏదైనా సరిపోతుందన్నా" అన్నాడు. నమ్మి, పాత రౌటర్ అడాప్టర్ దూర్చబోతూ తమ వీపు మీదున్న చిన్న బొమ్మ చూశాను. మధ్య చుక్కకి మైనస్, చుట్టూ ఉన్న గీతకి ప్లస్. మా ఇంట్లో ఉన్న అడాప్టర్లన్నిటికీ ప్లస్ లోపల, మైనస్ బయట. గిటార్ పెడళ్ళూ తమరూ ఒకే గోత్రమట, అందరూ తిరకాసే. వోల్టులు కలిశాయి కదా అని ముహూర్తం పెట్టేస్తే లోపల ఏ డయోడో కాలి బూడిదయ్యేది. జాతకంలో ఇంకా చూడాల్సింది ఉందని మా అమ్మ పెళ్ళిసంబంధాల విషయంలో ఊరికే అనదు.

అందుకని చిక్‌పేటలో మెట్రో దిగి, తమర్ని తువ్వాల్లో చుట్టుకుని ఎలక్ట్రానిక్ సామాన్ల బజారైన ఎస్పీ రోడ్డుకి వచ్చాను. మూడు అడుగుల వెడల్పు కొట్టు. ముందు వైర్ల చుట్టలు, వెనక వైర్ల చుట్టలు, మధ్యలో స్టూలు మీద ఒక పెద్దాయన. నా యాస వినగానే తెలుగులోకి దిగాడు. "పాడుతుందా సార్ ఇది?" అని అడిగాడు. "పాడైంది కాబట్టే తెచ్చానండీ" అన్నాను. నవ్వలేదు. మల్టీమీటర్ ముల్లు అడాప్టర్ మొనలో పెట్టి, అంకె ముందు మైనస్ గుర్తు నాకు చూపించి, "ఇది తీసుకో" అన్నాడు. దాంతోపాటు కాంటాక్ట్ క్లీనర్ డబ్బా, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ సీసా, ఒక నాణెం బ్యాటరీ కూడా అంటగట్టాడు. మిగతా రోగాలు నేను చెప్పకముందే ఆయనకి తెలిసిపోయినట్టున్నాయి.

ఇంటికొచ్చి కరెంటిచ్చాను. లైట్లన్నీ దీపావళిలా వెలిగాయి. ప్లే నొక్కాను. ఏమీ లేదు. మళ్ళీ నొక్కాను. అదే మౌనవ్రతం. మూడు రాత్రులు, స్వామీ! స్క్రూలు 11 విప్పాను, బిగించేటప్పుడు 10 మాత్రమే దొరికాయి. ప్లే బటన్ కింది రబ్బరు మెత్తను ఆల్కహాల్‌లో ముంచిన దూదితో, పసిపిల్లకి కాటుక పెట్టేంత జాగ్రత్తగా తుడిచాను. తీరా చూస్తే బటన్ తప్పేమీ లేదు. లోపలెక్కడో మెనూలో తమ క్లాక్, అంటే తాళం లెక్క, బయటి మెషిన్ మీద ఆధారపడేలా పెట్టి ఉంది. ఇంకో యంత్రం మిడి వైరులోంచి (వాద్యయంత్రాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే వైరు) క్వార్టర్ నోటుకి, అంటే ఒక్కో బీటుకి, 24 చొప్పున టిక్కులు పంపితేగానీ తమరు కదలరు. అంటే తమరు చెడిపోలేదు, అలకపాన్పు మీద ఉన్నారు. ఎవరో వచ్చి బతిమాలాలి. ఇంటర్నల్ అని మార్చగానే, అసలేమీ జరగనట్టు, ధన్ ధన్ మని మొదలెట్టారు.

ఇంత ఓర్చుకున్నది తమ వంశచరిత్ర కొంత తెలిసే. గ్రూవ్‌బాక్సు అన్న పేరు పెట్టి 1996లో రోలాండ్ వాళ్ళు ఎంసీ-303 తెచ్చారు. ఆ 303 అన్న అంకె తమ వంశంలో పెద్దాయన పేరే. 1981 నాటి టీబీ-303, గిటారిస్టులకి తోడుగా బేస్ వాయించి పెట్టడానికి పుట్టింది. ఆ పనికి దాన్ని ఎవరూ మెచ్చలేదు. 1984కల్లా తయారీ ఆపేశారు. సెకండ్‌హ్యాండ్ కొట్లలో చవగ్గా పడి ఉంటే షికాగో కుర్రాళ్ళు కొని, తిప్పకూడని నాబ్ తిప్పి, 1987లో యాసిడ్ హౌస్ అనే డాన్సు సంగీతాన్నే పుట్టించారు. అంతకు ఐదేళ్ళ ముందే ముంబైలో చరణ్‌జిత్ సింగ్ అనే సినిమా వాద్యకారుడు అదే పెట్టెతో, టీఆర్-808 డ్రమ్ మెషిన్‌తో రాగాలు వాయించి రికార్డు చేశాడు. అప్పుడెవరూ పట్టించుకోలేదు, 2010లో మళ్ళీ విడుదలయ్యాక ప్రపంచం నోరెళ్ళబెట్టింది. సెకండ్‌హ్యాండ్ అంటే తమ ఇంట్లో చిన్నతనమేమీ కాదన్నమాట.

టెంపో నాబ్ సంగతి. 120 నుంచి 121కి వెళ్ళమంటే 118కి వెళ్ళేవారు. బతిమాలితే 134. నాబ్ ఎంత తిరిగిందో లెక్కపెట్టే లోపలి ఎన్‌కోడర్‌లో దుమ్ము. క్లీనర్ కొట్టి, అటూ ఇటూ వందసార్లు తిప్పితే దారిలో పడ్డారు. ఆ రాత్రి మొదటిసారి నాకు తమ మీద ప్రేమ కలిగింది. టెంపో 120లోనే ఉంచి, కిక్‌కి (పెద్ద డ్రమ్ము) చుట్టుకి 16 మెట్లు ఉంచి, హై-హ్యాట్‌కి (చిన్న తాళాలు) 14 పెట్టాను. తకిట తకధిమి, తకిట తకధిమి. మిశ్రచాపు! చిన్నప్పుడు నెల్లూరులో మృదంగం క్లాసు ఎగ్గొట్టి క్రికెట్‌కి పోయినందుకు తిన్న దెబ్బలన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. రెండూ విడిపోతాయి, ఒకదాన్నొకటి తరుముకుంటాయి, కిక్ ఏడు చుట్లు తిరిగేసరికి, సరిగ్గా 14 సెకన్లకి, మళ్ళీ ఒకేచోట సమానికి దిగుతాయి. దిగిన ప్రతిసారీ ఒంటరిగా కూర్చుని "ఆహా" అన్నాను. హెడ్‌ఫోన్స్ వైరు ఊడిందని గమనించలేదు. కింద నుంచి ఓనర్ ఆంటీ వచ్చి, "ఏనప్పా, మిక్సీ కెట్టోగిద్యా?" అని అడిగింది. మిక్సీ చెడిపోయిందా అని. అవునన్నాను.

ఇక చివరికి నాణెం బ్యాటరీ. అది తీస్తే జ్ఞాపకాలన్నీ పోతాయి కాబట్టి, ముందు పాత యజమాని దాచుకున్నవన్నీ విన్నాను. మొత్తం 43 ప్యాటర్న్‌లు. ఒక్కొక్కటీ నాలుగు బార్లు, అంటే నాలుగు తాళం చుట్లు, ఎనిమిది సెకన్లు. మొదలు అదిరిపోతుంది, రెండో ముక్క ఉండదు. ఒక్కటీ పాట కాలేదు. కెనడా వెళ్ళింది ఉద్యోగానికా, ఇందుకా అని నాకిప్పుడు అనుమానం.

ఆడలేక మద్దెల ఓడు అంటారు. నా అదృష్టం కొద్దీ నా మద్దెల నిజంగానే ఓడు. ఆర్నెల్లుగా ఎవరైనా "పాట ఏదిరా?" అని అడిగితే "ఎన్‌కోడర్ జారుతోంది", "సింక్ ప్రాబ్లం", "జాక్ లూజ్" అని దర్జాగా చెప్పుకున్నాను. అడిగినవాళ్ళకి అర్థం కాక నోరు మూసుకునేవారు. ఇప్పుడు తమరు నిక్షేపంలా ఉన్నారు. జాక్ టంకం కూడా వచ్చే వారం వేయించేస్తాను. నిన్న తమ ముందు కూర్చుని నాలుగు బార్లు కట్టాను, నలభై నిమిషాలు అదే విన్నాను, 44వ నంబరులో దాచి పడుకున్నాను. ఇంత ఆరోగ్యం నాకు మంచిది కాదు.

ఇట్లు,
తమ రెండో యజమాని

తా.క. పొద్దున 11వ బటన్ ఒకసారి నొక్కితే రెండుసార్లు మోగింది. నా చేతి పొరపాటేమో అని మళ్ళీ నొక్కి చూశాను, రెండుసార్లే మోగింది. రేపు ఆదివారం, ఎస్పీ రోడ్డులో కొట్లు చాలావరకు మూసి ఉంటాయి. ఇప్పుడే బయల్దేరుతున్నాను, తువ్వాలు ఎక్కడుందో కనిపించడం లేదు.