అల్యూమినియంకీ పనికొస్తుందట!

"దీంతో అల్యూమినియం కూడా అతుకుద్దండీ" అని టిగ్ మెషీన్ (టంగ్‌స్టన్ మొన నుంచి ఆర్క్, అంటే కరెంటు మెరుపు కొట్టి, గ్యాస్ కాపలాలో లోహాన్ని అతికే వెల్డింగ్ మెషీన్) అంటగడతారు. వెనక ప్లేటు చూస్తే డీసీ (ఒకే దిశలో పారే కరెంటు) ఒక్కటే! ఎలా అతుకుద్ది? అల్యూమినియం 660 డిగ్రీలకే కరుగుతుంది. దాని మీది ఆక్సైడ్ పొర కరగాలంటే 2000 దాటాలి. ఆర్గాన్ గ్యాస్‌తో పని చేస్తున్నప్పుడు ఆ పొరను ఊడగొట్టేది ఏసీ (దిశ మారుతుండే కరెంటు). అది లేకపోతే లోపల లోహం నీరవుతుంది, పైన పొర పాల మీద మీగడలా ముడతలు పడుతుంది. అతుకు నింపే రాడ్డు కలవదు గాక కలవదు.

గ్యాస్ సంగతి ఇంకా దారుణం. ప్యూర్ ఆర్గాన్ అడిగితే మిగ్‌కి (తీగ చుట్టతో చేసే ఇంకో రకం వెల్డింగ్) వాడే, కార్బన్ డయాక్సైడ్ కలిపిన సీఓటూ మిక్స్ చేతిలో పెడతారు. "రెండూ ఒకటేలెండి." ఒకటెలా అవుతాయి? ఆర్క్ కొట్టగానే టంగ్‌స్టన్ నల్లబడుతుంది, అతుకంతా మసి.

ఇక సలహాలు. "ఆంప్స్ పెంచు, గ్యాస్ పెంచు!" 3 మి.మీ. పలకకి 120 ఆంప్స్ చుట్టుపక్కల చాలు. పలక వేడెక్కే కొద్దీ తగ్గించాలి కూడా. ఆ తగ్గించే పెడల్ పెట్టెలో ఉండదు, మళ్లీ విడిగా కొనాలి! గ్యాస్ నిమిషానికి 8 లీటర్లు సరిపోతుంది. 20కి తిప్పితే సుడులు తిరిగి గాలినే లోపలికి లాగుతుంది.

ఇనుము గీకి, ఆ రజను అంటిన బ్రష్‌తోనే అల్యూమినియం గీకేవాళ్లకి దణ్ణం.

రాడ్లేమో న్యూస్‌పేపర్లో చుట్టిస్తారు. 4043నా, 5356నా (రాడ్డు లోహం రకాల నంబర్లు)? "అల్యూమినియం రాడ్డేనండీ." అవును మరి! 4043 అయితే అనొడైజింగ్ (కరెంటుతో పైన ఆక్సైడ్ పూత ఎక్కించడం) చేయించాక అతుకు ఒక్కటే నల్లగా కనబడుతుంది. అప్పుడెవర్ని అడగాలి?