తడిసిన ఆల్బమ్, మూడో నెల

2017 ఆగస్టు 25 రాత్రి హార్వీ తుఫాను టెక్సాస్‌లో రాక్‌పోర్ట్ దగ్గర తీరం దాటింది, అక్కడితో పోతుందిలే అనుకుంటే పోకుండా మా హ్యూస్టన్ మీద రోజుల తరబడి కురుస్తూనే ఉంది, టెక్సాస్‌లోనే ఉన్న నెదర్లాండ్ అనే ఊరి వైపైతే మొత్తం వాన 60 అంగుళాలు దాటింది. ఆడిక్స్, బార్కర్ రిజర్వాయర్లు నిండిపోయి నీళ్లు వదలాల్సొచ్చింది, దాంతో ఇంకొన్ని ఇళ్లు మునిగాయి. మా ఇంటికి ఏమీ కాలేదు. పక్క వీధుల్లో వాళ్ల సామానంతా రోడ్డు మీద ఉంటే నేను ఏసీలో కూర్చోలేక వాలంటీరింగ్‌కి పేరిచ్చాను, పుణ్యం కోసం వెళ్లానని మాత్రం చెప్పలేను.

పనంతా చేతులతోనే. నీళ్లు తీశాక షీట్‌రాక్‌ని, అంటే గోడలకి కొట్టే జిప్సమ్ పలకల్ని, నాలుగడుగుల ఎత్తు దాకా కోసెయ్యాలి, వెనకాల తడిసిన ఇన్సులేషన్ లాగెయ్యాలి, కార్పెట్ ముక్కలు చేసి చుట్టి బయటికి మొయ్యాలి. ఒకటి రెండు రోజులకే బూజు మొదలవుతుంది కాబట్టి అందరిదీ ఒకటే హడావుడి. తడి కార్పెట్ ఎంత బరువుంటుందో మోస్తేగానీ తెలీదు.

రెండో ఇంట్లో ఒక పెద్దావిడ డ్రైవ్‌వేలో మడత కుర్చీ వేసుకుని కూర్చున్నారు. నేను ఉబ్బిపోయిన ఫొటో ఆల్బమ్ ఒకటి తెచ్చి చెత్త కుప్పలో వెయ్యబోతుంటే ఆగమన్నారు. ఒళ్లో పెట్టుకుని ఒక్కో పేజీ విడదీస్తున్నారు, రంగులన్నీ కారిపోయాయి, ఒక ఫొటోలో పసిపిల్ల చెయ్యి ఒక్కటే మిగిలింది. ఊడొచ్చినవాటిని కారు బానెట్ మీద ఆరబెడుతుంటే గాలికి పోకుండా పట్టుకోమన్నారు. అరగంట పట్టుకుని నిలబడ్డాను, మనసులో మాత్రం ఇంకా మూడు గదులున్నాయి, ఈ టైమ్ అంతా వేస్ట్ అనే. ఆవిడ ఇంట్లో ఏది చెత్తో నేనే తేల్చేస్తున్నానని అప్పటిదాకా నాకు తట్టనే లేదు, అంత దగ్గరగా నా అహంకారాన్ని నేనెప్పుడూ చూసుకోలేదు.

రెండు నెలల తర్వాత అటు వెళ్తే ఆ ఇంటి ముందు ఫర్ సేల్ బోర్డు ఉంది. ముందు నాకొచ్చిన ఆలోచన, అయ్యో ఇంత కష్టపడి చేసిందంతా ఇంకెవరికో పోతోందే అని. చిన్నప్పట్నుంచీ కర్మణ్యేవాధికారస్తే అని గడగడా అప్పజెప్పేదాన్ని, ఆ శ్లోకం నా గురించేనని ఆ బోర్డు ముందు కారాపుకుని కూర్చున్నప్పుడు తెలిసింది, చాలాసేపు ఏడ్చాను.

మా నాన్నగారు 1977 నవంబర్‌లో దివిసీమ ఉప్పెన తర్వాత శవాలు తియ్యడానికి వెళ్లిన కుర్రాళ్లలో ఒకరు. వేల మంది పోయారు అప్పుడు. ఇంట్లో ఏనాడూ ఆ మాట ఎత్తేవారు కాదు, ఆయనకి మాట్లాడ్డం ఇష్టం లేదనుకునేదాన్ని. హార్వీ తర్వాత ఫోన్‌లో నా పని గురించి చెప్తుంటే అంతా విని ఒకటే అడిగారు, "మళ్లీ ఎప్పుడెళ్తున్నావమ్మా?"

ఇక్కడి మన తెలుగు సంఘాల్లో లోపం సరిగ్గా ఆ "మళ్లీ" దగ్గరే ఉందని నా అభిప్రాయం. మొదటి వారం టీషర్టులు, బ్యానర్లు, చెక్కులు అన్నీ ఉంటాయి, మనసులూ మంచివే, ఎవర్నీ తప్పుపట్టను. కానీ మూడో నెలలో ఇన్సూరెన్స్ వాళ్లతో, ఫీమా (విపత్తు సాయం చూసే ఇక్కడి ప్రభుత్వ సంస్థ) కాగితాలతో ఒంటరిగా కుస్తీ పడుతున్నవాళ్ల పక్కన కూర్చునేవాళ్లు ఉండరు. సేవ మనల్ని మార్చేది కూడా అప్పుడే, ఎందుకంటే ఫొటో తీసేవాళ్లూ ఉండరు, అయిపోయిందన్న తృప్తీ ఉండదు. అలాగే స్వదేశంలో తుఫానొస్తే పాత బట్టల మూటలు పంపడం దయచేసి ఆపుదాం, 2004 సునామీ తర్వాత నాగపట్నంలో అలాంటి బట్టలు రోడ్ల పక్కన గుట్టలు పడ్డాయి. ఏం కావాలో వాళ్లని అడిగి డబ్బు పంపితే చాలు.

మన సంఘం కమిటీ వాళ్లకి నా విన్నపం ఒకటే, ఇకమీదట ఏ విపత్తు వచ్చినా మూడో నెలకి వెళ్లే బ్యాచ్‌కి వేరే లిస్టు పెట్టండి. అందులో నా పేరు ఇప్పుడే రాసుకోండి.