అడక్కుండా వేసిన యూనిఫాం

మా అమ్మాయి తొమ్మిదో తరగతిలో చేరిన ఏడాది, ఆగస్టులో స్కూలు నుంచి టైమ్‌టేబుల్ వచ్చింది. తను కోరుకున్న ఆర్ట్ క్లాసు అందులో లేదు. ఆ పీరియడ్‌లో జేఆర్‌ఓటీసీ అని ఉంది, అంటే ఇక్కడ అమెరికాలో హైస్కూలు పిల్లలకి సైన్యం పద్ధతిలో నడిపే క్లాసు. ఆ అక్షరాలకి అర్థం తెలియగానే మా వారికి టెన్షన్ పట్టుకుంది. "పద్నాలుగేళ్ల పిల్లని మిలిటరీలో వేస్తారా?" అన్నారు. ఫోన్‌లో సంగతి విని గుంటూరులో మా అత్తయ్యగారు ఏడ్చినంత పని చేశారు. కౌన్సెలర్‌ని అడిగితే ఆర్ట్ క్లాసు నిండిపోయిందనీ, ఈ సెమిస్టర్‌కి ఇలా కానివ్వమనీ చెప్పారు.

మేమున్న టెక్సాస్‌లో జేఆర్‌ఓటీసీ తీసుకుంటే పీఈ (వ్యాయామం) క్రెడిట్‌కి సరిపోతుంది. అందుకని ఖాళీగా ఉన్న గడిలో దాన్ని పెట్టేయడం తేలిక. నాకు కోపం వచ్చింది అక్కడే. అయితే ఆ కోపం క్లాసు మీద కాదు, మమ్మల్ని అడగకపోవడం మీద. ఈ రెండూ వేరు వేరు సంగతులు. మన ఇళ్లలో మాట్లాడుకునేటప్పుడు ఇవి కలిసిపోతున్నాయి కాబట్టి ఇది రాస్తున్నాను.

జేఆర్‌ఓటీసీ అంటే జూనియర్ రిజర్వ్ ఆఫీసర్స్ ట్రైనింగ్ కోర్. 1916 నాటి జాతీయ రక్షణ చట్టంతో పుట్టింది. మొదట ఆర్మీది ఒక్కటే. 1964 చట్టంతో నేవీ, ఎయిర్‌ఫోర్స్, మెరీన్స్ కూడా వచ్చాయి. ఇప్పుడు దేశంలో దాదాపు 3,500 స్కూళ్లలో ఉంది, ఐదు లక్షల మంది పిల్లలు చదువుతున్నారు. గదీ, పీరియడూ స్కూలు ఇస్తుంది. యూనిఫాం, సిలబస్ సైన్యం ఇస్తుంది. ఇన్‌స్ట్రక్టర్ల జీతం ఇద్దరూ కలిసి భరిస్తారు. ఆ ఇన్‌స్ట్రక్టర్లు ఎక్కువగా రిటైరైన ఆఫీసర్లు, సార్జెంట్లు. వారానికి ఒక రోజు యూనిఫాం వేసుకోవాలి, ఆ రోజు జుట్టు నుంచి బూట్ల దాకా తనిఖీ ఉంటుంది. మిగతా రోజుల్లో డ్రిల్లు, వ్యాయామం, ఫస్ట్ ఎయిడ్, మ్యాపు చదవడం, నలుగురి ముందు నిలబడి మాట్లాడటం, అమెరికా ప్రభుత్వం ఎలా నడుస్తుందో తెలుసుకోవడం. చాలా స్కూళ్లలో గాలి తుపాకులతో గురి చూసి కాల్చే టీములు కూడా ఉన్నాయి.

ఇందులో చేరితే సైన్యంలో చేరాలన్న బాండు ఏదీ లేదు. అత్తయ్యగారికి ఈ ఒక్క మాట నమ్మించడానికి నాకు రెండు నెలలు పట్టింది. కానీ సైన్యానికి దీంతో ఏ సంబంధమూ లేదని చెప్పేవాళ్లతోనూ నేను ఏకీభవించను. రెండు మూడేళ్లు జేఆర్‌ఓటీసీ చేసిన పిల్లలు తర్వాత సైన్యంలో చేరితే ఒకటి రెండు మెట్లు పై ర్యాంకుతో, ఆ మేరకు ఎక్కువ జీతంతో మొదలవుతారు. చట్టంలో రాసిన ఉద్దేశం పౌర బాధ్యత, దేశసేవ. సైన్యం డబ్బు ఖర్చు పెడుతున్నది మాత్రం ఆ దారి పిల్లలకి పరిచయమై ఉంటుందని కూడా. అది తెలిసి చేరితే తప్పేమీ లేదు.

సైన్యమంటే మనకి కొత్తా? సైన్యంలోకి ఎందరినో పంపిన తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరాన్ని ఇప్పటికీ మిలిటరీ మాధవరం అనే అంటారు. నేనూ డిగ్రీలో ఎన్‌సీసీ చేశాను. తెల్లారకుండానే గంజి పెట్టిన ఖాకీ వేసుకుని "సావధాన్, విశ్రామ్" అంటూ నిలబడటం, పరేడ్ అయ్యాక పెట్టే పూరీ కూర, నాకు ఇప్పటికీ ఇష్టమైన జ్ఞాపకాలు. నలుగురి ముందు నోరు విప్పడం నేను అక్కడే నేర్చుకున్నాను. అయితే పేరు ఇవ్వడానికి లైనులో నిలబడింది నేను. ఎవరూ నా పేరు రాసేయలేదు.

ఇక్కడ కొన్ని చోట్ల అలా రాసేశారు. షికాగోలో కొన్ని హైస్కూళ్లలో తొమ్మిదో తరగతి పిల్లలందరినీ ఇందులో వేశారని అక్కడి స్కూళ్లలో తప్పులు విచారించే ఇన్‌స్పెక్టర్ జనరలే తేల్చారు. 2022లో న్యూయార్క్ టైమ్స్ డెట్రాయిట్, లాస్ ఏంజిలెస్, ఫిలడెల్ఫియా వంటి చోట్ల కూడా ఇదే జరుగుతోందని బయటపెట్టింది. అలాంటి స్కూళ్లలో ఎక్కువ మంది పేద పిల్లలు, నల్లజాతి పిల్లలు, లాటినో పిల్లలు. అప్పటికి గడిచిన ఐదేళ్లలో కనీసం 33 మంది ఇన్‌స్ట్రక్టర్ల మీద విద్యార్థులతో లైంగిక దుష్ప్రవర్తనకి క్రిమినల్ కేసులు పెట్టారని కూడా అదే పత్రిక రాసింది. ఒంటరిగా ఎక్కడికో తీసుకెళ్తారా, పోటీలకి వెళ్తే వెంట ఇంకెవరుంటారు అని ఆడపిల్లల తల్లులు అడగడంలో మొహమాటం అక్కర్లేదు. నేను అడిగాను. మా సార్జెంట్‌గారు నొచ్చుకోలేదు, పేరెంట్లని వెంట రమ్మని పిలిచారు.

గాలి తుపాకుల సంగతి మాత్రం నాకింకా తేలలేదు. 2018 ఫిబ్రవరిలో ఫ్లోరిడాలోని పార్క్‌లాండ్ స్కూల్లో కాల్పులు జరిగినప్పుడు, చైనా నుంచి వచ్చిన కుటుంబంలోని పదిహేనేళ్ల జేఆర్‌ఓటీసీ క్యాడెట్ ఒకడు యూనిఫాంలోనే తలుపు పట్టుకుని తోటివాళ్లని బయటికి పంపుతూ చనిపోయాడు. ఆర్మీ ఆఫీసర్లని తయారుచేసే వెస్ట్ పాయింట్ అకాడమీ అతనికి మరణానంతరం సీటు ఇచ్చింది. ఆ కాల్పులు జరిపినవాడూ ఒకప్పుడు అదే ప్రోగ్రాంలో, రైఫిల్ టీములో ఉన్నవాడే. ఈ రెండు విషయాలూ నా మనసులో పక్కపక్కనే ఉండిపోయాయి. మా అమ్మాయి రైఫిల్ టీము వద్దంది, నేను ఊపిరి పీల్చుకున్నాను.

హెచ్-4 (హెచ్-1బీ మీద పనిచేసేవాళ్ల కుటుంబానికిచ్చే వీసా) మీద ఉన్న పిల్లల తల్లిదండ్రులు, తమ పిల్లల్ని ఇందులో చేర్చుకుంటారా అని నన్ను తరచూ అడుగుతున్నారు. ఒక స్కూల్లో యూనిట్ నడవాలంటే వంద మంది, లేదా తొమ్మిది నుంచి పన్నెండు తరగతుల పిల్లల్లో పది శాతం, ఏది తక్కువైతే అంతమంది ఉండాలి. ఆ లెక్కలో సిటిజన్లు, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లనే చూస్తారు. మీ పిల్లని చేర్చుకుంటారా అని ఇన్‌స్ట్రక్టర్‌ని నేరుగా అడగండి. కాలేజీలో ఆఫీసర్ల శిక్షణకిచ్చే ఆర్‌ఓటీసీ స్కాలర్‌షిప్, వెస్ట్ పాయింట్ లాంటివి సిటిజన్లకే అని పిల్లలకి ముందే చెప్పండి. నాలుగేళ్లు ఆశపడ్డాక తెలిస్తే పసిమనసు తట్టుకోలేదు.

జేఆర్‌ఓటీసీలో లేకపోయినా అందరికీ వర్తించేది ఇంకొకటుంది. హైస్కూలు పిల్లల పేరు, అడ్రసు, ఫోన్ నంబరు సైన్యంలోకి మనుషుల్ని చేర్చుకునే రిక్రూటర్లు అడిగితే స్కూలు ఇవ్వాలి. తల్లిదండ్రులు వద్దని రాసిస్తే ఇవ్వకూడదు. అలాగే స్కూల్లో ఆస్వాబ్ అనే సైన్యం పరీక్ష పెడితే, మార్కులు రిక్రూటర్లకి పంపాలా వద్దా అన్నది స్కూలు ఎంచుకోవచ్చు. మీ స్కూలు ఏది ఎంచుకుందో కనుక్కోండి. మన పిల్లల కోసమే కాదు, రెండు ఉద్యోగాలు చేస్తూ స్కూలుకి వచ్చే తీరిక లేని తల్లుల పిల్లల కోసం కూడా స్కూల్ బోర్డు మీటింగులో నిలబడి అడగండి. తల్లిదండ్రుల సంతకం లేకుండా ఏ పిల్లనీ ఈ క్లాసులో వేయకూడదని మా బోర్డు ముందు నేను రెండు సార్లు మాట్లాడాను.

ఆ ఏడాది డిసెంబరులో ఆర్ట్ క్లాసులో సీటు దొరికింది. "మారతావా?" అని అడిగితే మా అమ్మాయి రెండు రోజులు ఆలోచించి "ఉంటానమ్మా" అంది. ఇప్పుడు పదకొండో తరగతి, కలర్ గార్డులో జెండా పట్టుకుంటుంది. మొన్న కొత్త పిల్లల ఓరియంటేషన్‌లో యూనిఫాంలో బల్ల దగ్గర కూర్చుంది. పేరు రాయించుకోవడానికి వచ్చిన ప్రతివాళ్లనీ ముందు "నువ్వే అడిగావా, ఎవరైనా పంపారా?" అంటోంది. పంపారన్న ఇద్దరిని తనే లేచి కౌన్సెలర్ గదికి తీసుకెళ్లింది.